మూడు వందల ముప్ఫై మీటర్లు

రెండు సీట్ల బుల్లి విమానాలు తయారుచేసే ఆ షెడ్డులో అన్నయ్య విమానం ఎగరేసి చూస్తాడు, చెల్లెలు దాని మాన్యువల్ రాస్తుంది. ఈసారి మాన్యువల్ అంతా పూర్తయింది, ఒక్క గడి తప్ప. నేల మీద పరుగు మొదలెట్టిన విమానం చెట్టంత ఎత్తుకు లేవడానికి ఎన్ని మీటర్లు కావాలి?

"రెండొందల పది. రాసెయ్," అన్నాడు అన్నయ్య.

అబద్ధం కాదు. ట్యాంకు నింపి, పక్క సీటుకి ఇసుక బస్తా కట్టి, ఆరుసార్లు ఎగిరాడు. ఎండలో మాడిపోతూ టేపు పట్టి కొలిచింది ఆవిడే. అయినా రాయడానికి చెయ్యి రాలేదు. మొదటి విమానం కొన్న రిటైర్డ్ లెక్కల మాస్టారి పొలంలో విమానం పరిగెత్తే బాట రెండొందల అరవై మీటర్లే, దాని చివర కరెంటు తీగలు. ఆయనకి కాగితం మీద అంకె కనపడితే చాలు, ఇక ఎవరి మాటా వినడు.

అన్నయ్య సంగతి వేరు. విమానం ముక్కు ఏ క్షణాన ఎత్తాలో ఆయన నడుముకే తెలుస్తుంది. ఆ నడుముని మాన్యువల్‌తో పాటు ప్యాక్ చేసి పంపలేం కదా!

అందుకే మర్నాడు మాస్టారిని పిలిపించి, తమ పొడవాటి రన్‌వే మీద ఆయన చేతే మూడుసార్లు ఎగరేయించింది. పక్క సీట్లో అన్నయ్య. మూడింట్లో ఎక్కువది మూడు వందల ముప్ఫై.

"ఆయన ఎడ్లబండి తోలినట్టు తోలితే నా విమానం పరువు తీస్తావా?" దిగీ దిగగానే మండిపడ్డాడు అన్నయ్య.

"నీకు మాన్యువల్‌తో పనేంటన్నయ్యా? ఇది ఆయన కోసం. పక్కనే ఉన్నావుగా, ఆ బాటలో అయితే తీగలు ఎక్కడుండేవి?"

అన్నయ్య తల తిప్పి రన్‌వే వైపు చూశాడు. ఆయన్ని చిన్నబుచ్చినందుకు ఆవిడకి బాధగానే ఉంది.

"సరిగ్గా మా మొహాల ముందు," అన్నాడు. వెళ్లి మాస్టారికి తనే చెప్పాడు. "మీ బాట చాలదు మాస్టారూ."

"మొన్న మీరే రెండొందల పది అన్నారుగా?"

"అది నేను నడిపితే అండీ. మీరు నడిపితే మూడొందల ముప్ఫై."

మాస్టారి మొహం వాడిపోయింది. అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేశాడు. "ఆదివారం నిన్ను పొలం మీద తిప్పుతానన్నాగా, కుదరదే."

అవతల ఆయన భార్య గొంతు షెడ్డంతా వినపడింది. "పోన్లెండి! నాకు భయంగానే ఉంది. మీరంత సరదా పడుతుంటే కాదనలేక సరేనన్నాను."

పక్క సీట్లో ఆవిడ కూర్చోబోతోందని అన్నాచెల్లెళ్లకి అప్పటిదాకా తెలీదు. అన్నయ్య చెల్లెలి చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆ గడిలో అంకె తనే వేశాడు.