అల్లుడు వేసిన ఓఎస్

మా ఆడబిడ్డ భర్త భానుప్రకాశ్ హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు. దేనికి ఇంజనీరో నాకు తెలియదు, మా ఇంట్లో మాత్రం అన్నిటికీ ఇంజనీరే. ఆల్థాన్‌లోని వాళ్లింటి నుంచి నవాగామ్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి బాగుచేసి పోతాడు. పోయినసారి బాగుచేసిన ఫ్యాను ఇప్పుడు గాలి కన్నా చప్పుడే ఎక్కువ ఇస్తుంది.

రాఖీ పున్నమికి ఆడబిడ్డ హారతి, తమ్ముడికి రాఖీ కట్టడానికి వచ్చింది. తమ్ముడంటే మా ఆయన గోపాల్. హారతి వంటింట్లోకి వెళ్లగానే భానుప్రకాశ్ తిన్నగా నా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"ఇంకా పాత ఓఎస్సేనా? కొత్తది వేస్తా. అరగంట పని."

"వద్దన్నా, మంచిగనే నడుస్తున్నది," అన్నాను.

"కోమలీ, నీకు డిజైన్ తెలుసు. సిస్టమ్ సంగతి నాకు వదిలెయ్."

ఆ కంప్యూటర్ మీదే నేను సాంచాలకు, అంటే మరమగ్గాలకు, చీరల డిజైన్లు గీస్తాను. అంచులు, కొంగులు, బుటాలు, మూడేళ్ల పని అంతా అందులో డి డ్రైవ్‌లో ఉంది. ఇంకో కాపీ పెట్టుకోవడానికి హార్డ్‌డిస్క్ కొందామన్న ప్రతిసారీ ఇంట్లో అంతకన్నా ముఖ్యమైనదేదో వచ్చిపడింది. అయినా అల్లుడు నోరు తెరిచాక కోడలి మాట ఎవరు వింటారు? ఆయన పెన్‌డ్రైవ్ గుచ్చి పని మొదలుపెట్టాడు.

మేం పద్మశాలీలం. రాఖీ పున్నమే మాకు జంధ్యాల పున్నమి. ఆ రోజు అన్నం పెట్టే పనిముట్టుకు పసుపు దారం కడతాం. గోపాల్ నడిపే సాంచాలు సేఠ్‌వి, కాబట్టి ఇంట్లో దారం కట్టించుకునేది నా కంప్యూటరే. మా అత్త లలితమ్మ కట్టిన దారాన్ని ఎవరూ విప్పకూడదు, కోయకూడదు. దానంతట అదే తెగాలి.

"పున్నమి గడియలు దాటిపోతున్నయి, జర జరుగుండ్రి అల్లుడా," అంటూ అత్త దారపు కండె పట్టుకొని వచ్చింది. కంప్యూటర్ డబ్బా చుట్టూ బిగించి చుట్టి, పసుపు మెత్తి, కుంకుమ పెట్టింది. కంప్యూటర్‌కు తాయెత్తు అని భానుప్రకాశ్ నవ్వాడు. ఆయన మణికట్టుకూ ఒక పోగు కట్టింది. దానికి నవ్వలేదు.

కాసేపటికి ఓఎస్ ఎక్కింది. డబ్బా ఆగి మళ్లీ మొదలైంది. తీరా చూస్తే మొదట వచ్చిన తెరే వచ్చింది. ఏ భాష కావాలి, ఎక్కడ వేయాలి అని అడుగుతోంది. ఇప్పుడే కదా చెప్పాం, దీనికేం మతిమరుపు అనుకున్నాను. "అప్పుడప్పుడు ఇట్లా అవుతుంది," అని ఆయన మళ్లీ వేశాడు. మళ్లీ అదే తెర. భోజనం చేసి వచ్చి ఇంకోసారి వేశాడు. అదే తెర. బూట్ అన్నాడు, బయాస్ అన్నాడు, నోటికొచ్చిన ఇంగ్లీషంతా అన్నాడు. అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చచ్చిందట. ఈయన పున్నమి నాడు నన్ను చంపుతున్నాడు.

చివరికి తీర్పు చెప్పాడు. "డిస్క్ పాడైంది. డి డ్రైవ్‌తో సహా మొత్తం తుడిచేసి వేయాలి."

"నా డిజైన్లు?"

"మళ్లీ గీసుకో. నీకు చేయి తిరిగిన పనే కదా."

ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. ఇక్కడ కోడలి సొమ్ము కూడా దానమైపోతోంది.

"బావకు తెల్వదా ఏంది," అన్నాడు గోపాల్, నా వైపు చూడకుండా.

"అల్లుడు చెప్తుండు గదా బిడ్డా, ఇనరాదా," అంది అత్త.

నేను కీబోర్డు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. "ముందు డబ్బాను దుకాణానికి తీస్కపోయి ఫైళ్లు తీపిస్త. ఆ తర్వాత ఏమన్న తుడుచుకోండ్రి. మీ పెన్‌డ్రైవ్ ఇయ్యుండ్రి అన్నా."

ఆయన చొక్కా జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబు తడుముకున్నాడు. బ్యాగు బోర్లించాడు. హారతిని అడిగితే, "నేనేం చేసుకుంట దాన్ని," అంది. అప్పుడు ఆయన చూపు మెల్లగా డబ్బా మీదికి పోయింది. పసుపు పోగుల కింద, కుంకుమ కింద, పెన్‌డ్రైవ్ గుచ్చిన చోటే ఉంది. అది అక్కడున్నంతసేపూ డబ్బా తనలో ఎక్కిన కొత్త ఓఎస్‌ను వదిలేసి, పెన్‌డ్రైవ్‌నే చదివి మళ్లీ మొదటికి వస్తోంది.

"అదే నేనూ అనుకుంటున్నా," అన్నాడు.

దాన్ని లాగాలంటే దారం కోయాలి. అత్త ముఖం ముడుచుకుంది. "పున్నమి నాడు కట్టిన దారం కోస్తరా ఎవరన్న?"

"వద్దులే అత్తయ్యా, ఎందుకొచ్చిన అరిష్టం," అన్నాడు భానుప్రకాశ్, దారం కట్టిన చేయి వెనక్కి పెట్టుకుని. నా మూడేళ్ల పని తుడవడానికి భయపడని మనిషి నూలుపోగుకు భయపడ్డాడు.

నేను కత్తెర తెచ్చి దారం కోసి పెన్‌డ్రైవ్ లాగేశాను. స్విచ్ వేస్తే కంప్యూటర్ బుద్ధిగా తెరుచుకుంది. డి డ్రైవ్ తెరిచాను. ముందురోజు సగంలో ఆపిన మామిడిపిందెల అంచు సగంలోనే ఉంది. అప్పుడు ఊపిరి తీసుకున్నాను.

"చూశారా, నడిచింది," అన్నాడు ఆయన.

"మా అల్లుడు ముట్టినంక నడవకుంటదా," అంది అత్త. వెంటనే నా చేతిలోని కత్తెర చూసి కళ్లెర్ర చేసింది.

"కోపం చేయకుండ్రి అత్తమ్మా, మళ్ల కడుతున్న," అని కోసిన దారం తీసుకున్నాను. పెన్‌డ్రైవ్‌కు మూత పెట్టి, మూతి నుంచి తోక దాకా దారం బిగించి చుట్టి గట్టిగా ముడేశాను. పసుపు రాసి, కుంకుమ పెట్టి ఆయనకు ఇచ్చాను.

"అన్నా, పున్నమి దారం. విప్పకుండ్రి, కోయకుండ్రి. దానంతట అది తెగేదాక దీన్ని ఎవరి కంప్యూటర్‌ల పెట్టకుండ్రి."

"అవు అల్లుడా, మంచిమాట చెప్పింది," అంది అత్త.

భానుప్రకాశ్ దాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు.