మైనస్ ఇరవైలో సంగీతం

అచ్యుతాపురంలో ఆ రొయ్యల ఫ్యాక్టరీ చలిగదికి ఒక ఆచారం ఉంది. తలుపు మూసేవాడు ముందు అరచేత్తో దాని మీద మూడు దెబ్బలు కొట్టాలి. లోపల మనిషుంటే బదులు కొట్టాలి. లోపల్నుంచి తలుపు తెరిచే గొళ్లెం విరిగి నెలయింది, బాగుచేయించమంటే సూపర్‌వైజరు రేపు అనేవాడు. వాడి రేపు మండిపోను! ఆ మూడు దెబ్బల మీదే అందరి ప్రాణాలూ ఆధారపడి ఉండేవి.

నాగవంశీకి ఆ గదంటే పిచ్చి. మంచుకొండను కళ్లతో చూసిన పాపాన పోలేదు గానీ, ఫోనులో ఉత్తర ధ్రువం వీడియోలు చూసి చూసి, ఆ తెల్లటి ఖాళీని సంగీతం చెయ్యాలని పంతం పట్టాడు. చలిగది ఫ్యాన్ల హోరు, పైపుల మీద మంచు చిట్లే చప్పుడు రికార్డు చేసేవాడు. పెందుర్తిలోని అద్దెగదికి పోయి, లాప్‌టాప్‌లో వాటిని సాగదీసి, కింద కీబోర్డు స్వరాలు పరిచేవాడు. మాట ఉండదు, పాట ఉండదు. నెట్‌లో పెడితే నార్వే నుంచి ఎవరో, మా శీతాకాలం అచ్చం ఇలాగే ఉంటుందని రాశారు. ఆ ఒక్క ముక్కతో వంశీకి కాళ్లు నేల మీద ఆనలేదు.

తోటి పనివాడు తాతబాబుకి యాభై దాటాయి. చుట్టరికం లేకపోయినా వంశీని అల్లుడనే పిలిచేవాడు.

"మంచుకి సంగీతవేటిరా అల్లుడూ? మంచులో ఉన్న రొయ్యలే నోరు మూసుకున్నాయి, మద్దెలో నీకేటొచ్చింది?"

"నవ్వు మావా, నవ్వు. ఎర్రలైటు ఎలుగుతుంటే మాత్రం కిక్కురుమనకు. నా కష్టవంతా గంగలో కలిసిపోద్ది."

"సర్లే, నోరు కుట్టేసుకుంతాను."

వేళాకోళం ఆడినా మాట తప్పేవాడు కాదు. రికార్డరు ఎర్రలైటు కనబడితే చాలు, ఆ పది నిమిషాలూ ఉన్నచోటే ఆగిపోయేవాడు.

ఆ బుధవారం భోజనాల వేళ వంశీ రికార్డరును పై అరలో పెట్టి, తలుపు మూయబోతూ ఆగాడు. కొడితే గదంతా మోగి మొదటి నిమిషం పాడవుతుంది. అందరూ తిండికి పోయారు కదా అనుకున్నాడు. కొట్టకుండానే మెల్లగా మూసేశాడు. పది నిమిషాల్లో తీద్దామనుకునేలోగా సూపర్‌వైజరు వచ్చి అతన్ని కంటెయినర్ లోడింగుకి తరిమాడు. తిరిగొచ్చేసరికి రెండు గంటలు గడిచిపోయాయి.

రొయ్యల పెట్టెల పక్కన తాతబాబు కూర్చుని ఉన్నాడు. వంశీ రాకముందే, నిమిషంలో వచ్చేద్దామని కోటు లేకుండా పెట్టెల చాటుకి వెళ్లిన మనిషి. ఒళ్లు కొయ్యబారిపోయింది.

తాగి లోపల పడుకున్నాడని కంపెనీ రాసేసింది. మందు వాసన గిట్టని మనిషిని చచ్చాక తాగుబోతును చేశారు. కాదని చెప్పగలవాడు వంశీ ఒక్కడే. వాడు నోరు విప్పలేదు.

ఆ రోజే అరలోంచి తీసి దాచేసిన రికార్డింగును ఐదో రోజున విన్నాడు. మొదటి పావుగంటా ఫ్యాన్ల హోరే. మధ్యలో ఒక్క దగ్గు, గుడ్డ అడ్డం పెట్టుకుని నొక్కేసిన దగ్గు. ఎర్రలైటు చూసి తాతబాబు మాట నిలబెట్టుకుంటున్నాడని వంశీకి అప్పుడు అర్థమైంది. తర్వాత, "అల్లుడూ, అయిపోనాదేటిరా?" అని గుసగుస. ఆ తర్వాత తలుపు మీద దెబ్బలు, కేకలు. అవతల లారీల మోతలో అవి ఎవడికి వినబడతాయి? చివరి గంటలో మళ్లీ ఫ్యాన్లే ఉన్నాయి. చెరిపేస్తే లోకంలో ఎవరికీ తెలియదు. చెరపడానికి వేలు పెట్టాడు కూడా. సిగ్గేసి తీసేశాడు.

మర్నాడు తాతబాబు ఇంటికి వెళ్లాడు. భార్య పోతమ్మ అతన్ని చూడగానే అడిగింది.

"మా ఆయన మందు ముట్టడు, నీకు తెల్దా బాబూ? తలుపేసేత్తంటే కేకెయ్యడానికేటైంది? నాకదొక్కటీ సెప్పు."

"నానే సప్పుడు సెయ్యొద్దన్నానత్తా. తలుపు కొట్టకుండా మూసిందీ నానే."

పోతమ్మ తిట్టలేదు. చెంప పగలగొట్టినా బాగుండుననుకున్నాడు. రికార్డరు తీసి, "మావ తాగనేదని ఇందులో ఉంది. పోలీసులకిచ్చేత్తాను. నా మీద ఏ కేసు ఎట్టినా ఎట్టుకోనీ," అన్నాడు.

ముందు తనకు వినిపించమంది. రెండు గంటలూ గుమ్మంలో కూర్చుని కదలకుండా విన్నది. అయిపోయాక వంశీ లేవబోతే మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఆ దగ్గు కాడికి తిప్పు," అంది. "ఇంకోపాలి ఎయ్యి."