అంచు మడత

గౌను చేతులు ఇస్త్రీ అయిపోయాయి. అంచు ఒక్కటే మిగిలింది.

తొమ్మిదింటికి బుడ్డి ఆ తెల్ల గౌను తొడుక్కుని మందిరంలో వేదిక ఎక్కాలి. గురువుగారి పక్కన నిలబడి, "నేను మనసులో ఏమీ పెట్టుకోలేదు" అనాలి. ఆయన దాని తలమీద చెయ్యి పెడతాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు. మందిరం కట్టుబాటు అది.

పాఠాల గదిలో గురువుగారు తనను ఏం చేశాడో బుడ్డి నెల కిందట తల్లికి చెప్పింది. ఒక్కసారే చెప్పింది. తల్లి వెళ్ళి మందిరం పెద్దలకు చెప్పింది. పెద్దలు మూడుసార్లు కూర్చున్నారు. మూడుసార్లూ బుడ్డినే పిలిచి అడిగారు. గురువుగారిని ఒక్కసారీ పిలవలేదు.

"ఇంకా ఎంతసేపు రుద్దుతావే? బట్ట అరిగిపోతుంది" అని తల్లిని కసిరింది ఆమె అత్త.

వాళ్ళను మందిరానికి తీసుకెళ్ళడానికి వచ్చిన పెద్దాయన గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. "కానివ్వండమ్మా, తొందరేం లేదు. పాపం, గురువుగారు కూడా నాలుగు రోజుల్నించి సరిగ్గా తినట్లేదు."

"దీనికి నెల నించి సయించట్లేదండీ" అంది తల్లి.

"పిల్లలకేం, ఇట్టే మర్చిపోతారు. మీ ఆయన మన మందిరం వ్యానే నడుపుతున్నాడాయె. మనలో మనం. బయట పడితే రేపు దాని పెళ్ళికి ఎవరొస్తారు చెప్పు?"

బుడ్డి గోడవైపు తిరిగి చెప్పు పట్టీ పెట్టుకుంటోంది, తీస్తోంది.

తల్లి అంచు తిరగేసింది. స్కూలు బట్టల దుకాణంలో పదకొండేళ్ళుగా ఆమె పని అంచులు కుట్టడమే. మడత లోపల తాజా కుట్టు ఉంది. దాని పైన సూది రంధ్రాల వరస ఒకటి కనిపించింది. ఇంకాస్త పైన మరొకటి. ఆ పైన ఇంకొకటి. ఒక్కో పిల్ల ఎత్తుకు తగ్గట్టు మడిచి కుట్టి, మళ్ళీ విప్పారు. అన్నిటికంటే పై వరస బుడ్డికంటే చాలా చిన్నపిల్లది. ఆరేళ్ళు ఉండొచ్చు.

"బుడ్డి కోసం కొత్తగా కుట్టించామన్నారు కదండీ?"

"కొత్తదాని కిందే లెక్కమ్మా. ఈ తంతు అవగానే పెట్టెలో ఎంత భద్రంగా దాస్తామో!"

"బుడ్డికి ముందు ముగ్గురు వేసుకున్నారు."

పెద్దాయన గడియారం చూసుకున్నాడు.

"ఎవరేసుకుంటే నీకెందుకే? ఉతికిందేగా!" అంది అత్త.

తల్లి ఇస్త్రీపెట్టె వైరు పీకింది. గౌనును అంచు పైకి వచ్చేలా నాలుగు మడతలు వేసి సంచిలో పెట్టుకుంది. ఇంటి గౌనులోనే ఉన్న బుడ్డి చెయ్యి పట్టుకుంది. పిల్ల అరచేయి చల్లగా ఉంది.

"అదేంటి, పిల్లకి తొడగవా? ఏయ్, నిన్నే!"

తల్లి పెద్దాయన కుర్చీ పక్కనుంచి గుమ్మం దాటింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మందిరం ఇటు కదా!"

వాళ్ళిద్దరూ అప్పటికే పోలీస్ స్టేషన్ ఉన్న వీధివైపు తిరిగారు. బుడ్డి చెప్పు పట్టీ ఒకటి ఊడి నేలమీద టప్‌టప్‌మంటోంది.