గోడకెక్కనన్న టైలరమ్మ

ఆ మాల్ తెరిచిన కొత్తలో చూడాలి జనాన్ని! ఎస్కలేటర్ ఎక్కడానికి భయపడి, చెప్పులు చేత్తో పట్టుకుని మరీ వరసలో నిలబడేవారు. రెండో అంతస్తులో, సరిగ్గా ఎస్కలేటర్ దిగేచోట టైలరమ్మ కొట్టు. కింద బట్టల షాపుల్లో కొన్న ప్యాంట్లన్నీ పొడుగు తగ్గించుకోవడానికి ఆమె దగ్గరికే వచ్చేవి. అన్నం తినడానికి కూడా తీరిక దొరికేది కాదు. పక్క కొట్లో చెల్లెలు గుండీలు, లేసులు అమ్మేది.

తర్వాత బైపాస్ రోడ్డు మీద దీనికి మూడింతల మాల్ లేచింది. ఇంకేముంది! సినిమా హాలు మూతపడింది, బట్టల షాపులు ఒక్కొక్కటే సర్దుకున్నాయి, ఎస్కలేటర్ మామూలు మెట్లయిపోయింది. అయినా టైలరమ్మ రోజూ పదింటికల్లా షట్టరెత్తేది. మోకాళ్లు పట్టుకుని ఎక్కి వచ్చే పాతవాళ్లు ఇంకా ఉన్నారు మరి.

ఇప్పుడు అంతా పడగొట్టి పైన ఫ్లాట్లు, కింద షాపులు కడతారట. ఖాళీ చేస్తామని అందరూ సంతకాలు పెట్టేశారు. చెల్లెలూ పెట్టేసింది. కొత్త బిల్డింగులో చోటివ్వమని అడగడానికి దానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి మాత్రం అక్క భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇక మిగిలింది టైలరమ్మ ఒక్కతే. ఆమె లీజుకి ఇంకా నాలుగేళ్లుంది. ఆమె సంతకం లేకుండా ఒక్క ఇటుక కదలదని మాల్ మేనేజరుకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

ఆ ఉదయం మేనేజరు ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకొచ్చాడు.

“అమ్మా, కొత్త బిల్డింగు గుమ్మంలో జ్ఞాపకాల గోడ పెడుతున్నామండీ. మిషను ముందు కూర్చున్న మీ ఫోటో, నిలువెత్తున! వచ్చేపోయేవాళ్లంతా చూస్తారు. ఇదిగో, ఇక్కడొక సంతకం పెడితే...”

“ఫోటో గోడ మీదుంటుంది సరే. మరి నేనెక్కడుంటాను బాబూ?”

మేనేజరు పెన్ను ముందుకు చాపాడు. “మీరు ఇంటిపట్టున హాయిగా...”

అంతే, ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“గోడకెక్కించడానికి నేనేమన్నా పోయాననుకున్నావా? ఇరవై రెండేళ్లు ఇక్కడ కూర్చుని ఊరందరి నడుములూ కొలిచాను. నా బొమ్మ కావాలి గానీ నేనక్కర్లేదా మీకు? కింది అంతస్తులో కొట్టు రాసివ్వు, పెడతాను సంతకం. లేదా, నాలుగేళ్లూ ఇక్కడే కుడతాను. నా చుట్టూ కట్టుకోండి మీ ఫ్లాట్లు!”

“ఊరుకోవే అక్కా, ఉన్నది కూడా ఊడుతుంది,” అని పక్క కొట్లోంచి పరిగెత్తుకొచ్చిన చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకు లాగింది.

“నువ్వుండవే!”

మేనేజరు బయటికెళ్లి ఫోన్లో ఎవరితోనో చాలాసేపు గొడవపడ్డాడు. టైలరమ్మ ఒక ప్యాంటు అంచు కుట్టసాగింది. భయం లేకేం, కుట్టు వంకరపోయింది. విప్పి మళ్లీ కుట్టింది.

అతను ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. కాగితం మీద కింది అంతస్తులో ఒక కొట్టు అని రాసి, ముద్ర కొట్టి ఆమె ముందుంచాడు. ఆమె రెండుసార్లు చదివింది.

“ఒకటి కాదు, రెండు కొట్లు. రెండోది మా చెల్లెలికి.”

“ఆవిడ ఎప్పుడో సంతకం పెట్టేశారు కదమ్మా!”

“అది పెట్టింది,” అంది టైలరమ్మ కాగితం వెనక్కి తోస్తూ. “నేనింకా పెట్టలేదుగా!”