గాలి లేని ఆదివారం

నేను ఒక గాలిసంచిని. రెండు మూతులున్న సంచిని. గాలి పెద్ద మూతిలోంచి దూరి చిన్న మూతిలోంచి పోతుంది. ఏదీ నిలవని సంచి ఎందుకు పనికొస్తుందని మీరు నవ్వుకోవచ్చు. విమానాలు దిగే చోట నాలాంటిది ఒకటి గడకు వేలాడుతూ ఉండాలి. గాలి లేకపోతే గడకు అతుక్కుని తల వేలాడేస్తాను. ఓ మోస్తరుగా ఉంటే సగం లేస్తాను. జోరుగా ఉంటే చాచిన చెయ్యిలా తిన్నగా నిలబడతాను. పైనున్నవాళ్లు నన్ను చూసి దిగాలో వద్దో, ఎగరాలో వద్దో తేల్చుకుంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఒక్కటే నా పని. ఆ ఒక్క పనిలోనే నేను ఒకసారి తప్పాను.

అంతకుముందు నేను షామియానాను. కనిగిరిలో ఒక టెంటు హౌసు వాళ్లది. నారింజ చారలు, తెల్ల చారలు. ఎన్ని పెళ్లిళ్లకు నీడ పట్టానో లెక్క లేదు. కింద కూర్చున్నవాళ్లు పెళ్లికొడుకును చూస్తున్నట్టే ఉంటారు గానీ, వాళ్ల చూపంతా వడ్డన ఎక్కడిదాకా వచ్చిందనే దాని మీదే ఉంటుంది. ఒక వైశాఖంలో ఈదురుగాలికి నిలువునా చిరిగాను. టెంటు హౌసాయన ముక్కలు చేసి అమ్మేస్తే, నా ముక్కను కిటికీ తెరలకని వెంగమ్మ కొనుక్కుంది.

వెంగమ్మది గద్దలపాడు. ఊరికి అవతల, యుద్ధం రోజుల్లో ఎవరో వేసి వదిలేసిన పాత రన్‌వే ఒకటి ఉంది. రెండు ఎద్దుబండ్లు ఎదురైతే ఒకటి చేలోకి దిగాల్సిందే, అంత సన్నం. దాని పక్కనే వెంగమ్మ, ఆమె భర్త మాలకొండయ్య ఒక పూటకూళ్ల హోటలు నడిపేవాళ్లు. చిన్న విమానాలున్న నగరం పెద్దమనుషులకు ఆ హోటలు సంగతి ఎలా తెలిసిందో గానీ, ఆదివారమైతే ఇద్దరు, ముగ్గురు వచ్చి వాలేవాళ్లు. నల్లకళ్లద్దాలు, చేతికి పెద్ద గడియారాలు. అంత దూరం ఆకాశంలో ఎగిరొచ్చి కిందకి దిగగానే వాళ్ల నోట వచ్చే మొదటి మాట, "ఏముందమ్మా ఇవాళ?"

అక్కడ ఫోను సరిగా పలకదు. అందుకని వాళ్లొక పద్ధతి పెట్టుకున్నారు. దిగేముందు హోటలు మీద ఒక చుట్టు చుట్టి రెక్క ఊపుతారు. ఎన్ని ఊపులైతే అన్ని భోజనాలు. ఆ చప్పుడు వినపడగానే వెంగమ్మ గరిటె పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తేది.

"మూడయ్యో, మూడు!"

"మూడు కాదే. ఆ మూడోది గాలికి ఊగింది," అనేవాడు మాలకొండయ్య అరిటాకులు తుడుస్తూ.

"గాలికూగితే మాత్రం వాళ్లకు ఆకలి కాదా ఏంది?" అని ఊపుకో సోలెడు చొప్పున బియ్యం ఎసట్లో పోసేది.

రన్‌వే అవతలి కొసన కొండలు రెండు దగ్గరకొచ్చి ఒక సందు ఉంది. హోటలు దగ్గర ఆకు కదలకపోయినా ఆ సందులో గాలి విరుచుకుపడుతుంది. సన్నటి రన్‌వే మీద పక్కనుంచి అలాంటి గాలి కొడితే చిన్న విమానం చేలోకి దొర్లడం ఎంతసేపు? అందుకే అక్కడొక గడ పాతారు. దానికున్న పాత సంచి చివికిపోతే, అలా విమానంలో భోజనానికొచ్చే కెప్టెన్ దైవసహాయం గారు వెంగమ్మను అడిగారు. "కుట్టుమిషను ఉందిగా అమ్మా, ఒకటి కుట్టిపెట్టు." అలా కిటికీ తెర కావలసినదాన్ని గాలిసంచినయ్యాను.

వెంగమ్మ కుట్టింది కాబట్టి కొంత ఆమె గుణం నాకు వచ్చిందేమో. ఆమెకు దేన్ని చూసినా భయమే. పప్పు కుక్కరు రెండో కూతకే పొయ్యి ఆర్పేసేది. ఎవరైనా పది నిమిషాలు ఆలస్యమైతే ఆ పది నిమిషాల్లో వాళ్లకు కాలు విరిచి, ఆసుపత్రిలో చేర్చి, కళ్లొత్తుకునేది. నాకూ అంతే. ప్రతి విమానం దిగేటప్పుడు ఇవాళ ఏదో అయిపోతుందని నా గుడ్డంతా బిగుసుకునేది.

ఆ వెంగమ్మ కూతురు ప్రసూన. డిగ్రీ అయిపోయి హోటల్లో వడ్డించేది. పులుసు పోస్తూ పోస్తూ దైవసహాయం గారిని అడిగేది. "సార్, దిగేటప్పుడు ముక్కు పైకెత్తారెందుకు? కిందికి కదా దిగాలి?" ఆయన విమానాలు నడిపి, నడపడం నేర్పి రిటైరయిన మనిషి. అన్నం మీద చెయ్యి ఆపి అరిటాకు మీద వేలితో గీసి చూపించేవాడు. ఆమె ప్రశ్నలు ఆకులో పట్టకుండా పోయాక, "ఎక్కి చూద్దువు గాని, పద," అన్నాడు. అలా ఏడాదిపాటు ప్రతి ఆదివారం తన రెండు సీట్ల విమానంలో, ఒక్క పైసా పుచ్చుకోకుండా నేర్పాడు. వాళ్లు పైన ఉన్నంతసేపూ వెంగమ్మ ఆకాశం కేసి చూసేది కాదు. పొయ్యి ముందు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని చప్పుడు మాత్రం వినేది.

ఒక ఆదివారం చెయ్యి కడుక్కుంటూ ఆయన అన్నాడు. "వచ్చే వారం నేను దిగిపోతా అమ్మా. అమ్మాయి ఒక్కతే ఒక చుట్టు తిరిగొస్తుంది."

"ఒక్కతేనా?"

"ఒక్కతే. పక్కన నేనుంటే అది నేర్చుకున్నట్టా?"

వెంగమ్మ చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది. "ఆ పూట గాలి ఎక్కువుంటే?"

"సంచి తిన్నగా లేచిందా, అమ్మాయి ఒక్కతే ఉన్న విమానం కదలదు. సంచి చెప్పాక ఇంక నేనూ మాట్లాడను, మీ అమ్మాయీ మాట్లాడదు. మొదటిరోజే ఒట్టేయించుకున్నా."

ప్రసూన వెనకనుంచి తల్లి మెడ చుట్టూ చేతులేసింది. "ఒక్కసారే ఊపుతానమ్మా రెక్క. ఒక్క భోజనం. నాకే. కోడికాలు తీసి పక్కన పెట్టు, మరిచిపోబాక."

"నోర్ముయ్యవే, పాడుమాటలూ నువ్వూ!" అంది వెంగమ్మ. అందులో పాడుమాట ఏముందో ఆమెకే తెలియాలి. అప్పుడు తలెత్తి, రన్‌వే కొసన వేలాడుతున్న నాకేసి చూసింది. ఆమె నన్ను అలా చూడటం అదే మొదటిసారి.

శనివారం మధ్యాహ్నం వెంగమ్మ వచ్చి తాడు వదిలి నన్ను దించింది. చిరుగు పడిందని ఇంట్లో చెప్పింది. చిరుగేమీ లేదు. మిషను మీద వేసి నా పొడవునా నాలుగు సన్నటి మడతలు కుట్టింది, లంగా బొందు దూర్చే నేఫాల్లాగా. నేను సంతోషించాను. రేపు పిల్ల ఎగురుతుంది కదా, నన్ను గట్టి చేస్తోంది అనుకున్నాను. చూడండి, ఎంత అమాయకురాలినో.

ఆదివారం పొద్దున్నే విమానం వచ్చింది. రెండు సార్లు రెక్క ఊగింది. దైవసహాయం గారు, ఆయన స్నేహితుడొకాయన దిగి పెసరట్లకు కూర్చున్నారు. ప్రసూన వడ్డిస్తూ వడ్డిస్తూ ఆకాశం కేసి చూస్తోంది. వెంగమ్మ కరివేపాకు తెస్తానని బయలుదేరింది. నా గడ కింద కరివేపాకు చెట్టు ఒకటి ఉంది. ఆమె చీర కుచ్చిళ్లలో ఎనిమిది గొడుగు ఊచలున్నాయి.

నన్ను దించి, ఒక్కో మడతలో రెండేసి ఊచలు దూర్చి, మూతి దగ్గర ఇనప కమ్మీకి కట్టుతీగతో బిగించింది. ఆమె పెదవులు ఏదో అంటున్నాయి. దేవుడికి మొక్కుకుంటోందో, కూతురికి చెప్పుకుంటోందో తెలియలేదు. మళ్లీ పైకి లాగింది.

చెమట ఆరనంత ఉక్క. కొండ సందులో ఎండుగడ్డి పరక కదలడం లేదు. నేను మాత్రం చాచిన చెయ్యిలా నిలబడి ఉన్నాను. వాలిపోదామని ఎంత ప్రయత్నించానో నాకే తెలుసు. ఇన్నేళ్లూ గాలి లేపితే లేచినదాన్ని, ఆ పూట ఇనుము లేపితే లేచాను.

దైవసహాయం గారు వరండాలోకి వచ్చి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అరె! దిగేటప్పుడు ఇంత గాలి లేదే?"

"సందులో అంతే సారు, ఉన్నట్టుండి లేస్తది," అంది వెంగమ్మ లోపలినుంచి.

గంట చూశారు. గంటన్నర చూశారు. నేను దిగలేదు. ప్రసూన వరండా మెట్టు మీద కూర్చుని నా మీదనుంచి కళ్లు తిప్పలేదు. చివరికి లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆ మాటలు తర్వాత మాలకొండయ్య చెప్పుకుంటుంటే విన్నాను.

"అమ్మా, ఇవాళ్టితో సారు లైసెన్సు కాయితం అయిపోద్ది. రేపటినుంచి ఆయన ఎవరికీ నేర్పకూడదు. కళ్లు సరిగా లేవని కొత్త కాయితం ఇవ్వరంట."

"నాకు చెప్పలేదేందే?"

"చెప్తే నువ్వు వారమంతా నిద్రపోయేదానివా?"

నగరానికి వెళ్లి నేర్చుకోవడమంటే వాళ్ల తాహతుకు అందే మాట కాదు. వెంగమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆమె మళ్లీ నా దగ్గరికి బయలుదేరింది. "పొద్దున తెచ్చావుగా కరేపాకు, మళ్లీ ఎందుకు?" అని మాలకొండయ్య అడుగుతూనే ఉన్నాడు. ఆమె రన్‌వే అంచు వెంబడి గబగబా వస్తోంది. రా తల్లీ, రా, అనుకున్నాను. ఇంకో నూరడుగులు. తాడు వదిలితే చాలు, నేను నీ చేతుల్లో వాలిపోతాను. నూరడుగులు ఉన్నాయనగా ఆగింది. వెనక్కి తిరిగి, మెట్టు మీద కూర్చున్న కూతురిని చూసింది. ఆ చూపులో ఆమె కంటికి ఏం కనపడిందో నేను చెప్పగలను. చేలో తిరగబడ్డ విమానం, పొగ, పరిగెత్తే జనం. అవేవీ జరగలేదు. జరగబోవడమూ లేదు. అయినా ఆమె చూసేసింది. అక్కడినుంచే వెనక్కి తిరిగిపోయింది.

పన్నెండింటికి దైవసహాయం గారు లేచాడు. మధ్యాహ్నానికి విమానం నగరంలో కొనుక్కున్నవాళ్లకు అప్పజెప్పాలి. "సంచి చెప్పింది కదా ప్రసూనా, ఇంకేం చేస్తాం," అన్నాడట. మొదటిరోజు వేసిన ఒట్టు అది. ఆమె తలూపిందట. ఒట్టు నేర్చుకునేవాళ్లకే, అలవాటైన చెయ్యి గనక తానైతే ఆ గాలిని తట్టుకుంటానని ఆయన స్నేహితుణ్ని ఎక్కించుకుని సందుకు ఎదురుదిక్కుగా ఎగిరి వెళ్లిపోయాడు. ఎగిరేటప్పుడు కుదుపన్నది లేనే లేదు. వయసు మీద పడి తన అంచనా తప్పుతోందనుకున్నాడేమో, నన్ను మాత్రం అనుమానించలేదు.

చప్పుడు పూర్తిగా పోయాక ప్రసూన నడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది. గాలి దగ్గర నిలబడి ఏడుద్దామని వచ్చినట్టుంది. వచ్చి నిలబడింది. జుట్టు కదల్లేదు. చున్నీ కదల్లేదు. మెల్లగా తలెత్తి నన్ను చూసింది.

తాడు వదిలింది. నేను వాలలేదు. కట్టెలా ఆమె చేతుల్లోకి వచ్చాను. మడతలో వేలు పెట్టి ఒక ఊచ లాగింది. వంగిన చోట ఎర్రదారం చుట్టిన ఊచ అది. బళ్లోకి వెళ్లే రోజుల్లో తన గొడుగుకు తానే చుట్టుకున్న దారం. తక్కిన ఏడూ తీసింది. నన్ను మళ్లీ గడకు ఎక్కించి, కిందనుంచి కాసేపు చూసింది. నేను గడకు అతుక్కుని తల వేలాడేశాను. నాకు అప్పటికి ఆ పని చేతనయింది.

ఎనిమిది ఊచల్నీ వంటింటి కిటికీ గట్టు మీద పెట్టింది. వెంగమ్మ వాటిని చూసింది. సాయంత్రానికి అవి అక్కడ లేవు. ఎవరు తీశారో ఎవరూ అడగలేదు.

దైవసహాయం గారికి ప్రసూన చెప్పలేదు. మరుసటి ఏడు ఆయన కారులో భోజనానికి వచ్చి, కర్ర ఊతంతో నా దాకా నడిచి, నా తోక పట్టుకుని ఊపాడు. "ఆ రోజు నువ్వు మా పిల్లను కాపాడావు," అన్నాడు. పక్కనే ప్రసూన ఉంది. "అవును సార్," అంది. ఆ క్షణం ఈదురుగాలి వచ్చి నన్ను మళ్లీ చింపేస్తే బాగుండుననుకున్నాను.

ఇప్పుడు గడ మీద నైలాను సంచి ఉంది. విమానాలాయన ఒకరు తెచ్చి ఇచ్చాడు. రన్‌వే బాగోగులన్నీ ప్రసూనవే. మేకలను తోలడం, రాళ్లేరడం, సంచి కట్టడం. ఎగిరేవాళ్లందరినీ ఆమే పంపుతుంది. నేను రెండు ముక్కలయ్యాను. ఒక ముక్క మసిగుడ్డయింది. మడతలున్న ముక్కను వెంగమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టింది. వంటింటి అల్మారా మీదనుంచి నాకు వరండా కనిపిస్తుంది.

ప్రసూన శనివారం సాయంత్రం కొత్త సంచిని దించి ఇంటికి తెస్తుంది. ఆదివారం పొద్దున కట్టడానికి తీసుకుపోయేముందు వరండాలో కూర్చుని, దాని మూతిలో మోచేతిదాకా చెయ్యి దూర్చి, కుట్టు కుట్టూ తడిమి చూస్తుంది. ప్రతి ఆదివారం. వంటింట్లో వెంగమ్మ పొయ్యి ఊదడం ఆపేస్తుంది, అది అయ్యేదాకా.

మొన్నొక ఆదివారం ఆమె ఉండబట్టలేకపోయింది. "ఏం లేదే అందులో," అంది.

మూడేళ్లలో ఆ సంగతి మీద ఆమె నోటినుంచి వచ్చిన మొదటి మాట అదే.

ప్రసూన చెయ్యి బయటికి తియ్యలేదు. "తెలుసమ్మా. అయినా చూసుకోవాలిగా," అంది. చూసుకున్నాకే లేచి వెళ్లింది.

కాసేపటికి విమానం చప్పుడయింది. వెంగమ్మ వాకిట్లోకి వెళ్లి చూసి, వచ్చి ఎసట్లో బియ్యం పోసింది.

"రెండే కదే ఊపింది, మూడు సోలలు పోశావు?" అన్నాడు మాలకొండయ్య.

"ఉండనీవయ్యా."

ప్రతి ఆదివారం అలాగే పోస్తుంది, ఊపని ఊపుకు ఒకటి ఎక్కువ. అందరూ తిని వెళ్లాక, ఎండలోంచి వచ్చిన కూతురికి ఆ అన్నం పెడుతుంది. పక్కన తీసి ఉంచిన కోడికాలు వేస్తుంది. ప్రసూన తింటుంది. "ఇంకాస్త ఆవకాయ వెయ్యమ్మా," అంటుంది. వెంగమ్మ వచ్చి నా దారం విప్పుతుంది. ముక్క తీసి, మళ్లీ నన్ను మూతి మీద పరిచి కడుతుంది. కట్టేటప్పుడు ఆమె వేలు నా మడతలో దూరి, కొసదాకా వెళ్లి, ఖాళీగా వెనక్కి వస్తుంది.

ప్రతిసారీ చూసుకుంటుంది, ఆమె కూడా.