కావేరి వంతు పాట

ఆ పాత రాక్ అండ్ రోల్ పాటను పోర్ట్‌బ్లెయిర్‌లో పాడనివాడు లేడు. డాలీగంజ్ బెంగాలీ కుర్రాళ్లు హార్మోనియం మీద సాగదీసి దాని ప్రాణం తీసేవారు. పెళ్లి బ్యాండువాళ్లు చెవులు చిల్లులు పడేలా ఊదేవారు. నికోబారీ చర్చి పిల్లలు అదేదో దేవుడి పాటే అన్నట్టు భక్తిగా పాడేవారు. ఇంగ్లీషు మాటలు ఎవరికీ పూర్తిగా రావు. అయినా ఎవరికి వారు తమదే అసలుదని వాదించేవారు.

లంబాలైన్ పేటలో ఉండే సుభాష్ దానికి తెలుగు మాటలు కట్టాడు. ఆఖర్న గిటారు చెక్క మీద రెండుసార్లు కొట్టి, "కావేరీ, తలుపు తియ్యవే, ఊరంతా ఊగుతోంది" అని ఆపేసేవాడు. తర్వాతి లైను అతని భార్య కావేరిది. స్టేజీ ఎక్కమంటే సిగ్గుతో చచ్చిపోయేది కానీ, ఇంట్లో మాత్రం వంటగదిలోంచే అందుకునేది: "తీసే ఉంది తలుపు, తిన్నగా లోపలికి రా." ఆ లైను బయట ఎవరూ వినలేదు.

క్రిస్మస్‌కి పాడమని పిలిస్తే సుభాష్ గిటారు భుజానేసుకుని కార్ నికోబార్ దీవికి ఓడెక్కాడు. పండగ మర్నాడు పొద్దున్నే భూమి ఊగింది. ఆ వెనకే సముద్రం ఊళ్ల మీద పడింది.

అక్కడ బతికినవాళ్లను మోసుకొచ్చే విమానాలన్నీ కావేరి ఇంటి మీదుగానే దిగేవి. చప్పుడు వినగానే ఇరుగుపొరుగు ఎయిర్‌పోర్టుకి పరిగెత్తేవారు. ఆమె మాత్రం గోడకి వీపు ఆనించి, చెవులు మూసుకుని కూర్చునేది. దిగినవాళ్లలో ఒక్కడు "సుభాష్ పోయాడమ్మా" అంటే చాలు, అంతా అయిపోతుంది. తను అడగనంతకాలం అతను బతికే ఉంటాడు. అది పిచ్చి అని ఆమెకీ తెలుసు.

భూమి ఇంకా కదులుతూనే ఉంది. తలుపులు బిగుసుకుపోతే బయటపడలేమని లంబాలైన్‌లో ఎవరూ తలుపులు వెయ్యడం లేదు. కావేరి అయితే గొళ్లెమే పీకించేసింది.

"ఎన్నాళ్లిలా గోడకి జారబడిపోయి ఉంటావే?" అంది పక్కింటి యర్రమ్మ. "కేంపులో అన్నం వడ్డించడానికి మనుషుల్లేరు. రా, గరిటె పట్టుకో."

దీవుల నుంచి తెచ్చినవాళ్ల కోసం కేంపు ఒక బడిలో పెట్టారు. కావేరి ఎవరి మొహమూ చూడకుండా వడ్డిస్తోంది. ఇంతలో వరండాలో పిల్లలెవరో ప్లాస్టిక్ డబ్బా మీద రెండుసార్లు కొట్టారు.

"కావేరీ, పైకి రావే, ఊరంతా ఊగుతోంది."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. తలుపు తియ్యవే కదా ఉండాలి? పైకి రావే అంటాడేమిటి? నీళ్లొచ్చాక కదా ఎవరైనా పైకి రమ్మనేది. అంటే కెరటం తర్వాత కూడా అతను ఉన్నాడు. అలా అనుకోగానే భయం రెట్టింపయింది. కెరటాన్ని తప్పించుకున్నవాడు ఆ తర్వాత పోయి ఉండొచ్చుగా. పారిపోదామని వెనక్కి తిరిగితే యర్రమ్మ అడ్డంగా నిలబడింది.

"అడుగు," అంది.

పిల్లల్లో పెద్దదాని పేరు ఎస్తేర్. "ఈ పాట ఎవరు నేర్పారు?" అని కావేరి అడిగితే, సగం హిందీ, బళ్లో తెలుగు పిల్లల దగ్గర పట్టిన సగం తెలుగులో చెప్పింది. "సుభాష్ భయ్యా, దీదీ. మెట్ట మీద. భూమి కదిలినప్పుడల్లా ఛోటే పిల్లలు ఏడిచేవాళ్లు. అందుకే నేర్పాడు."

"ఇప్పుడెక్కడ..." అని మాత్రం అనగలిగింది కావేరి.

"అక్కడే. కాలు విరిగింది. నడవలేనివాళ్లను షిప్‌లో తెస్తారంట."

కావేరి గరిటె పక్కన పెట్టి నేల మీద కూర్చుంది. ఎస్తేర్ పక్కన కూర్చుని చెబుతూనే ఉంది. "పోర్ట్‌బ్లెయిర్ మొత్తం మునిగిపోయిందని ఎవరో చెప్పారు. అప్పట్నించి భయ్యా ఎవర్నీ ఏం అడగడు. బహుత్ డర్‌తా హై, చాలా భయం. విమానం ఎక్కే పిల్లలకి మాత్రం ఈ పాట నేర్పి పంపుతాడు. తర్వాతి లైను ఎవరికొస్తే ఆమే కావేరి అన్నాడు." కాసేపు ఆమె మొహంలోకి చూసి, "దీదీ, ఆప్‌కో ఆతా హై క్యా? ఆ లైను నీకొచ్చా?" అంది.

పిల్లలు మళ్లీ డబ్బా కొట్టి, ఎదురు చూశారు.

"తీసే ఉంది తలుపు," అంది కావేరి. పాట కాదు, మాటే వచ్చింది. మిగతాది ఏడుస్తూ పూర్తి చేసింది.

ఎస్తేర్ తండ్రి మిగిలినవాళ్లకి సాయంగా ఆ సాయంత్రం సామాన్ల విమానంలో కార్ నికోబార్‌కే తిరిగి వెళ్తున్నాడు. కావేరి అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి ఆ ఒక్క లైనూ నేర్పింది. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. గొంతేమో ఓడ సైరను. ఆ పాటను అంత దారుణంగా పాడినవాడు దీవుల్లో ఇంకొకడు లేడు.

ఒక్క మాట కూడా పోకూడదని, అతని చేత మళ్లీ మళ్లీ పాడించింది.