పక్కింటి తలుపు

ఆ వసంతంలో కిర్గిజ్‌స్తాన్‌లోని మా ఓష్ నగరంలో నేను పెట్టిన బొమ్మల ప్రదర్శనకు ‘పొరుగు’ అని పేరు పెట్టాను. మా ఊరి పాత వీధులు, తలుపులు, పెరటి గోడలు గీశాను. ఒక్కో బొమ్మ ముందు రెండేసి కుర్చీలు వేయించాను. చూడవచ్చినవాళ్లు పక్క కుర్చీలో మనిషితో కాసేపు మాట్లాడాలి, అంతే. మొదట్లో కుర్రకారు వచ్చి ఫొటోలు దిగి పోయారు.

ఒక మధ్యాహ్నం ముకర్రమ్ వచ్చింది. ఉజ్బెక్ మనిషి, బజారులో రొట్టెలు అమ్ముతుంది. నీలం తలుపు బొమ్మ దగ్గరికొచ్చి ఆగిపోయింది. అక్కడ అప్పటికే బురుల్ అనే కిర్గిజ్ ఆవిడ కూర్చుని ఉంది. ఒకప్పుడు ఇద్దరివీ పక్కపక్క ఇళ్లని నాకు తర్వాత తెలిసింది. 2010 జూన్‌లో కిర్గిజ్‌లకూ ఉజ్బెక్‌లకూ మధ్య జరిగిన అల్లర్లలో ముకర్రమ్ ఇల్లు కాలిపోయింది. కొడుకు సర్వర్ కనబడకుండా పోయాడు. ఆమె ఊరికి అటు చివరకు మారిపోయింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

ఆమెను చూసి బురుల్ లేవబోయింది.

“కూర్చో, నేనేం కొరకను,” అంది ముకర్రమ్, పక్కనే కూలబడుతూ.

బురుల్ బొమ్మ వైపు చూపించి, “అది మా తలుపే అక్కా,” అంది.

“కనబడుతూనే ఉంది. ఇంత అందంగా ఎప్పుడు ఏడ్చింది? మీ బద్ధకిష్టి మొగుడు సగం రంగేసి వదిలేశాడుగా.”

“ఆయన పోయాడు. మొన్న చలికాలంలో.”

“విన్నాను. రాబుద్ధి కాలేదు.”

నేను టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు.

“నా కూతుళ్లని మీ నేలమాళిగలో దాచావు. అది మర్చిపోను,” అంది ముకర్రమ్. “కానీ ఒక్కటి చెప్పు. ఆ రోజు మా సర్వర్ మీ తలుపు కొట్టాడా?”

బురుల్ తల దించుకుంది. “కొట్టాడు.”

ముకర్రమ్ ఆమె వైపు తిరిగింది.

“చెల్లెళ్లని వెతుక్కుంటూ వచ్చాడక్కా. వీధి నిండా జనం. ‘పిన్నీ, నేను సర్వర్‌ని, తలుపు తియ్యి’ అన్నాడు. గడియ మీద చెయ్యేశాను. మా ఆయన పట్టేసుకున్నాడు. తీస్తే లోపలి ఆడపిల్లలు కూడా పోతారే అన్నాడు. ఇక... నేనే చెయ్యి తీసేశాను.”

“తర్వాత?”

“సందులోంచి చూశాను. వాళ్లు వాణ్ణి ఈడ్చుకుపోయేటప్పటికే ప్రాణం లేదు.”

“ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదే?”

“ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

“పనికని రష్యా పోయి, అక్కడ ఎవత్తెనో కట్టుకుని నన్ను మర్చిపోయాడనుకున్నానే! రొట్టెలు కాలుస్తూ రోజూ వాణ్ణి తిట్టుకున్నానే! చచ్చిపోయిన పిల్లాణ్ణి!”

బురుల్ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ముకర్రమ్ తన చెయ్యి వెనక్కి లాక్కుని, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. హాల్లో ఉన్నవాళ్లంతా మెల్లగా బయటికి నడిచారు. నేనూ వెళ్లిపోయాను.

తర్వాతి వారం ముకర్రమ్ చనిపోయిన కొడుకు పేర దువా, అంటే ప్రార్థన, చేయించింది. శవం దొరకలేదని, ఎక్కడో బతికే ఉంటాడని అన్నేళ్లూ చేయించలేదు. నన్నూ పిలిచింది. వాళ్ల వీధిలోనే పెద్ద కళాయిలో పులావు వండారు. వడ్డన సాగుతుండగా వీధి మొదట్లో బురుల్ కనిపించింది. ఆమెను పిలవలేదు. ముకర్రమ్ గరిటె పట్టుకుని చాలాసేపు అటే చూసింది. తర్వాత పెద్ద కూతురు నిగోరాకు ఒక పళ్లెం నింపి ఇచ్చింది.

“ఇచ్చి రా. ఇక్కడికి మాత్రం రమ్మనకు. ఇంకా నా వల్ల కాదు.”

బురుల్ పళ్లెం అందుకుని నిలబడే తింది. ఆమె తినడం అయ్యేదాకా నిగోరా పక్కనే ఉంది.